పాత దాగళ్ళకు ధర కట్టడమెలా?

కాటా తూకానికే అమ్మితే నష్టపోయేది కొలిమి కుటుంబమే

తెనాలి: పాత ఇనుము కొట్లకు వచ్చే సరుకులో దాగలి తీరు వేరు. విరిగిన నాగటి కర్రు, అరిగిన ఇరుసు, తుప్పు తిన్న రేకు వంటివి పనికిరాకుండా పోయిన తర్వాతనే కాటా ఎక్కుతాయి. దాగలి మాత్రం ఇంకా రెండు తరాలు పని చేయగల స్థితిలో వుండగానే కాటా ఎక్కుతుంది. కొలిమి ఆరిపోతుంది, కమ్మరి పని మానుకుంటాడు, లేదా కాలం చేస్తాడు. కొడుకులు వేరే వృత్తిలో వుంటారు. పెరటిలో చోటు కోసమో, చేతి ఖర్చు కోసమో దాగలిని బండి కెక్కిస్తారు. కొట్టులో దానిని తూచి, ఆనాటి తుక్కు ధర లెక్కన డబ్బు ఇస్తారు. అక్కడి నుంచి అది కొలిమికి కాక, ఉక్కు కరిగించే ఫర్నేసుకు పోతుంది.

తుక్కు ధరకు, పనిముట్టు ధరకు నడుమ తేడా చాలా పెద్దది. ఆ తేడా ఎంతో, దానిని ఎలా కనిపెట్టాలో తెలిస్తే అమ్మే కుటుంబం నష్టపోదు, కొనేవాడూ మోసపోడు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో పాత కొలుముల సామాను వున్నవారికి, పాత పనిముట్లు సేకరించేవారికి, ఇనుము వర్తకులకు ఈ వివరాలు పనికివస్తాయి.

దాగలిలో ఏమి వుంటుంది?

కాల్చిన ఇనుమును వుంచి సుత్తితో, సమ్మెటతో కొట్టటానికి ఆధారంగా వుండే దిమ్మెయే దాగలి. దీనినే దాకలి అనికూడా అంటారు. కంసాలి వాడే చిన్న పట్టెడ ఈ జాతిదే గాని దాని లెక్క వేరు.

మన పల్లెల్లో దాగళ్ళు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది నాటు దాగలి. ఇది నలుపలకల ఇనుప దిమ్మె. దీనికి కొమ్ము వుండదు. తుమ్మ వంటి గట్టి కర్ర మొద్దులో దిగగొట్టి, ఆ మొద్దును నేలలో పాతుతారు. కమ్మరి కూర్చునే పని చేస్తాడు. రెండవది కొమ్ము దాగలి. ఒకవైపు కోసుగా కొమ్ము, పైన చదునైన ముఖం, సన్నని నడుము, వెడల్పు పాదం వుంటాయి. కొమ్ము మీద ఇనుమును వంచి వలయాలు, కొక్కేలు చేస్తారు. ముఖం చివర చదరపు బెజ్జం ఒకటి, గుండ్రని బెజ్జం ఒకటి వుంటాయి. చదరపు బెజ్జంలో ఉలి వంటి పనిముట్లను నిలబెడతారు. గుండ్రని బెజ్జం మీద ఇనుముకు తూట్లు పొడుస్తారు. మూడవది రైలు పట్టా ముక్క. అసలు దాగలి కొనలేనివారు దీనితోనే సరిపెట్టుకుంటారు. చిన్న పనులకు ఇది చెడ్డది కాదు. కాని సమ్మెట దెబ్బకు చాలినంత బరువు దాని అడుగున వుండదు.

దాగలి విలువ అంతా దాని ముఖంలో వున్నది. పాతకాలపు మంచి దాగలికి దేహం మెత్తని చేత ఇనుము. ముఖం మాత్రం గట్టి ఉక్కు. ఉక్కు పలకను కాల్చి, దేహానికి అతికి, పదును పెడతారు. మెత్తని దేహం దెబ్బను ఓర్చుకుంటుంది. గట్టి ముఖం దెబ్బను తిరగగొడుతుంది. సుత్తి తనంతట తానే పైకి లేచినట్లుంటుంది. ముఖం మెత్తనైతే దెబ్బలోని బలాన్ని దాగలే మింగివేస్తుంది. అదే కొడవలికి పది దెబ్బలు ఎక్కువ పడతాయి. బొగ్గు ఎక్కువ కాలుతుంది. సాయంత్రానికి భుజం పడిపోతుంది. కమ్మరి దాగలిని తూకం చూసి కాక, సుత్తితో తట్టి కొనటానికి కారణం ఇదే.

డెల్టాకు ఎలా చేరినవి?

కృష్ణా పశ్చిమ డెల్టాలో ఇనుప పనికి గిరాకీ కాలవలతో పెరిగింది. బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్టను 1852-1855 మధ్య కట్టారు. కాలవలు, లాకులు, తూములు వచ్చిన కొద్దీ ఇనుప తలుపులు, గొలుసులు, బోల్టుల పని పెరిగింది. ఆనకట్ట అవసరాలకు సీతానగరంలో, గోదావరి పనులకు ధవళేశ్వరంలో ప్రభుత్వ వర్క్‌షాపులు పనిచేశాయి. మాగాణి విస్తరించటంతో ఊరూరా కర్రులకు, పారలకు, కొడవళ్ళకు, బండి చక్రాలకు పని దొరికింది.

తర్వాత రైలు వచ్చింది. బెజవాడను మద్రాసుతో కలిపే మార్గం 1899లో పూర్తయింది. తెనాలి మీదుగా పోయే గుంటూరు-రేపల్లె మార్గాన్ని మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే 1916లో నిర్మించింది. ఆ కాలంలో రైల్వేలకు, ప్రభుత్వ వర్క్‌షాపులకు కావలసిన భారీ పనిముట్లలో చాలా భాగం ఇంగ్లండు నుంచి దిగుమతి అయ్యేది. ఇలాంటి సంస్థలు పాత సామానును వేలం వేసినప్పుడు కొమ్ము దాగళ్ళు బయటి కొలుములకు చేరే అవకాశం కలిగింది. పల్లె కొలుములలో ఎక్కువగా కనిపించేది నాటు దాగలే. దిగుమతి దాగలి దొరికితే అది ఎక్కడి నుంచి వచ్చిందని విచారించటం అవసరం. కారణం ముందు వివరించబడుతుంది.

కొలుములు తగ్గటానికి కారణాలు అందరికీ తెలిసినవే. నాగలి స్థానంలో ట్రాక్టరు, ఇనుప పట్టా చక్రాల బండి స్థానంలో రబ్బరు టైర్ల బండి, కొడవలి స్థానంలో కోత యంత్రం వచ్చాయి. దమ్ము చక్రాలు, ట్రాలీల పని వెల్డింగు షాపులకు పోయింది. కొడవలి పదును, పలుగు మొన, గొడ్డలి అంచు, రేవుల వద్ద పడవల ఇనుప సామాను వంటి పనులు మాత్రం కొలిమికి మిగిలాయి. ఈ మార్పులో దాగళ్ళు ఒకటొకటిగా బజారుకు వస్తున్నవి. ఒకసారి కరిగిపోయిన దాగలి మళ్ళీ రాదు. చేత ఇనుము దేహానికి ఉక్కు ముఖం అతికి దాగళ్ళు చేసే పాత పద్ధతి వాణిజ్య ఉత్పత్తిలో దాదాపు అంతరించింది.

మూడు ధరలు

పాత దాగలికి ఒకే ధర వుండదు. మూడు ధరలు వుంటాయి. మొదటిది తుక్కు ధర. బరువును ఆనాటి ధారణతో హెచ్చవేస్తే వచ్చేది. ఇంతకు తక్కువగా ఏ దాగలీ అమ్మనవసరం లేదు. రెండవది పని ధర. అదే బరువు, అదే నాణ్యత గల కొత్త దాగలి కొనాలంటే ఎంత అవుతుందో చూసి, అరుగుదలకు తగ్గించి కట్టేది. మూడవది సేకరణ ధర. తయారీదారు పేరు, వయస్సు, అరుదుతనం చూసి ఇష్టపడి కొనేవాడు ఇచ్చేది. మొదటి ధర బరువును బట్టి, రెండవది ముఖాన్ని బట్టి, మూడవది గుర్తులను బట్టి వుంటుంది.

లెక్క ఎలా వేయాలో తెలియటానికి ఒక వూహ చాలు. దాగలి బరువు 80.7 కిలోలు, తుక్కు ధర కిలో రూ. 30 అనుకుంటే రూ. 2,421 వస్తుంది. అదే తరగతి కొత్త దాగలి కిలో రూ. 150 పడుతుందనుకుంటే కొత్తదానికి రూ. 12,105 కావాలి. పాతదాని ముఖం గట్టిగా వుండి, అంచులు మాత్రం కొంత రాలితే కొత్తదాని ధరలో మూడింట రెండు వంతులకు బేరం కుదరవచ్చు. అది సుమారు రూ. 8,070. తూకానికి అమ్మిన కుటుంబం ఈ లెక్కన రూ. 5,649 పోగొట్టుకున్నట్లు. ఈ ధరలు లెక్క కోసం అనుకున్నవే గాని బజారు ధారణలు కావు. అమ్మేనాడు తుక్కు ధారణను, కొత్త దాగలి ధరను వేర్వేరుగా విచారించి ఈ పద్ధతిలోనే వేసుకోవాలి.

కొత్త దాగలి ధర విచారించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పోత ఇనుముతో చేసిన చవక దాగలి ధరను ఉక్కు ముఖం గల పాత దాగలికి కొలతగా తీసుకోరాదు. రెండూ చూపుకు ఒకటిగానే వుంటాయి. పనిలో ఒకటి కాదు.

ముఖం పరీక్ష

ఇంటివద్ద చేయదగిన పరీక్షలు నాలుగు. వీటికి ఖర్చు లేదు.

మొదటిది గోళీ పరీక్ష. అర అంగుళం నుంచి అంగుళం వరకు వుండే బేరింగు ఉక్కు గోళీని మెకానిక్ షాపులో అడిగి తెచ్చుకోవచ్చు. ముఖాన్ని శుభ్రంగా తుడిచి, ఒక స్కేలును నిలబెట్టి, 10 అంగుళాల ఎత్తునుంచి గోళీని విడవాలి. అది 8 అంగుళాలు, అంతకు పైన తిరిగి ఎగిరితే ముఖం మంచిది. 5, 6 అంగుళాల దగ్గర ఆగితే పదును తగ్గినట్లు. 3, 4 అంగుళాలే లేస్తే అది పోత ఇనుమో, అగ్నిప్రమాదంలో కాలి పదును పోయినదో అయి వుంటుంది. ఒకచోట చూసి తృప్తి పడరాదు. ముఖం పొడుగునా ఏడెనిమిది చోట్ల చూడాలి. నడుమ బాగా ఎగిరి ఒక మూల ఎగరకపోతే, ఆ మూల పలక కింద అతుకు విడిందని అనుమానించాలి.

రెండవది చప్పుడు. చిన్న సుత్తితో ముఖం మీద మెల్లగా తట్టుతూ పోవాలి. చేత ఇనుము, ఉక్కు దాగళ్ళు గంటవలె ఖంగుమంటాయి. పగులు వున్నా, పలక లేచినా అక్కడ చప్పుడు బొంగురుపోతుంది. అయితే ఖంగుమననిదల్లా చెడ్డది కాదు. అమెరికాలో ఫిషర్ కంపెనీ పోత ఇనుప దేహానికి ఉక్కు ముఖం కలిపి చేసిన దాగళ్ళు సహజంగానే చప్పుడు చేయవు. అయినా పనికి బాగుంటాయి. అందువల్ల చప్పుడును గోళీ పరీక్షతో కలిపి చూడాలి.

మూడవది ఆకురాయి. ముఖం అంచున, కనిపించని చోట, ఒక్కసారి మెల్లగా రాయాలి. గట్టి ఉక్కు మీద ఆకురాయి జారిపోతుంది; మెత్తని ఇనుమును కొరుకుతుంది.

నాలుగవది చదును. ముఖం పొడుగునా ఒక ఇనుప స్కేలును నిలువుగా ఆనించి, వెలుతురుకు ఎదురుగా చూడాలి. నడుమ సందు కనిపిస్తే ముఖం గుంటపడిందన్నమాట. కొద్దిపాటి గుంట పనికి అడ్డు కాదు. తిన్నని బద్దలు చేసేవారికి మాత్రం పెద్ద గుంట పనికిరాదు. అంచులు కొన్ని చోట్ల రాలటం పాత దాగలికి సహజమే. ఒక వైపు నాలుగు అంగుళాల మేర అంచు తిన్నగా వున్నా చాలా పనులు జరిగిపోతాయి. అంచు రాలినదాని కంటె ముఖం మెత్తబడినదానికే ఎక్కువ తగ్గించాలి.

మూడు అంకెల తిరకాసు

ఇంగ్లీషు దాగళ్ళ నడుము మీద మూడు అంకెలు ఎడం ఎడంగా చెక్కి వుంటాయి. వీటిని సంవత్సరమనో, నెంబరనో పొరబడేవారు ఎక్కువ. అవి బరువును తెలిపే అంకెలు. మొదటిది హండ్రెడ్‌వెయిట్లు, ఒక్కొక్కటి 112 పౌనులు. రెండవది క్వార్టర్లు, ఒక్కొక్కటి 28 పౌనులు. మూడవది విడి పౌనులు. 1, 2, 10 అని వుంటే 112, 56, 10 కలిపి 178 పౌనులు. పౌనుకు 453.6 గ్రాముల చొప్పున అది 80.7 కిలోలు. రెండవ స్థానంలో 3 కంటె, మూడవ స్థానంలో 27 కంటె పెద్ద అంకె వుండరాదు. వుంటే అది ఈ పద్ధతి గుర్తు కాదు. లేదా ఎవరో తర్వాత కొట్టిన దొంగ గుర్తు.

అమెరికా దాగళ్ళపై సాధారణంగా పౌనుల లెక్క, స్వీడన్ దాగళ్ళపై ఎక్కువగా కిలోల లెక్క వుంటుంది. మన దేశంలో మెట్రిక్ తూనికలు 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమలులోకి వచ్చాయి.

చెక్కిన బరువుకు, కాటా మీది బరువుకు స్వల్ప తేడా వుండటం సహజం. చెక్కినదానికంటె చాలా తక్కువ తూగితే ముఖాన్ని యంత్రం మీద చెక్కివేసి వుంటారు. ఉక్కు పలక పలచబడిందా అన్నది పక్కనుంచి చూసి తెలుసుకోవాలి. చెక్కినదానికంటె ఎక్కువ తూగితే వెల్డింగుతో పూత వేసి వుంటారని అనుమానించాలి.

పేర్లు, గుర్తులు

సేకరించేవారు మొదట వెతికేది పేరు. ఇంగ్లండులో డడ్లీకి చెందిన పీటర్ రైట్, షెఫీల్డుకు చెందిన మౌస్‌హోల్ కొలిమి పేరు పొందిన తయారీదారులు. పీటర్ రైట్ దాగలిపై పేరుతోపాటు ‘పేటెంట్’, ‘సాలిడ్ రాట్’ అన్న మాటలు వుంటాయి. దేహం పోత కాదు, కొట్టి చేసిన చేత ఇనుము అని రెండవ మాటకు అర్థం. అమెరికాలో హే-బడెన్, ట్రెంటన్, ఫిషర్ పేర్లు. స్వీడన్‌లో కోల్స్‌వా, సోడర్‌ఫోర్స్ పేర్లు ప్రసిద్ధమైనవి. స్వీడన్ కంపెనీలది పోత ఉక్కు. పోత ఉక్కు వేరు, పోత ఇనుము వేరు అన్నది కొనేవారు మరువరాదు.

తయారైన దేశం పేరు కూడా కాలాన్ని చెబుతుంది. దిగుమతి సరుకుపై దేశం పేరు వుండాలని అమెరికా 1890లో చట్టం చేసిన తర్వాత ‘ఇంగ్లండ్’ అన్న ముద్ర వాడుకలోకి వచ్చింది. ఆ ముద్ర వుంటే దాగలి 1890ల తర్వాతిదని చెప్పవచ్చు. ముద్ర లేనంత మాత్రాన అంతకు ముందుదని చెప్పరాదు.

రైల్వే అక్షరాలు మరొక ఆధారం. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే 1908లో ఏర్పడి, 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వేలో కలిసిపోయింది. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడింది. దాగలిపై ‘ఎం.ఎస్.ఎం.’ అని వుంటే ఆ గుర్తు 1908-1951 మధ్య కొట్టినదని తేలుతుంది. దాగలి అంతకు ముందే తయారై వుండవచ్చు.

గుర్తులు చదవటానికి గ్రైండరు పెట్టరాదు. ఒక్క నిమిషంలో వందేళ్ళ ఆధారం ఎగిరిపోతుంది. చేతి బ్రష్షుతో మట్టి, తుప్పు తుడిచి, సుద్దముక్క రుద్ది, దీపాన్ని పక్కనుంచి చూపితే అక్షరాలు లేచి కనబడతాయి. పలచని కాగితం పరచి పెన్సిలు పక్కగా రాసినా అచ్చు దిగుతుంది. ఆ కాగితాన్ని దాచుకోవాలి.

నాటు దాగలికి పేరూ వుండదు, అంకెలూ వుండవు. సేకరణ బజారులో అందుకే దానిని చిన్నచూపు చూస్తారు. కాని ఏ ఊరి కొలిమిలో ఎవరు వాడారు, దానిపై ఏ పనిముట్లు చేశారు అన్న వివరం రాసి జతపరిస్తే, రేపు ఒక మ్యూజియానికైనా, వ్యవసాయ పనిముట్ల ప్రదర్శనకైనా అది పనికివస్తుంది. చరిత్ర తెలియని దిమ్మె కేవలం ఇనుము కిందనే లెక్కకు వస్తుంది.

ఉప్పు గాలి, ఉప్పు నీరు

తెనాలి దాగలికి, సూర్యలంక, నిజాంపట్నం తీరపు దాగలికి ఒక తేడా వుండవచ్చు. సముద్రపు గాలి తగిలే చోట వాడకం లేని ముఖం త్వరగా గుంటలు పడుతుంది. నిత్యం పని జరిగే దాగలికి తుప్పు పట్టదు. సుత్తి దెబ్బలే దానికి మెరుగు. ఆగిపోయిన కొలిమిలో దాగలి రెండు వానాకాలాలలోనే ఎర్రబడుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఈ తీర గ్రామాలలోకి ఉప్పునీరు చొచ్చుకువచ్చింది. ఉప్పునీట నానిన ఇనుమును కడిగి ఆరబెట్టి నూనె పట్టించకపోతే తుప్పు లోతుకు దిగుతుంది.

పైపై తుప్పుకు ధర తగ్గించనవసరం లేదు. బ్రష్షు, కిరసనాయిలు, తర్వాత పలచగా నూనె పూత చాలు. వేలి గోరు దిగేటంత గుంటలు ముఖమంతా వుంటే మాత్రం తగ్గించాలి. ఆ గుంటల అచ్చులు కాల్చిన ఇనుము మీద పడతాయి. దాగలిని తడి నేలపై కాక కర్రపై వుంచాలి. మొద్దులో పాతిన నాటు దాగలిని బయటికి తీసినప్పుడు పాతిన భాగాన్ని కూడా చూడాలి. పై భాగం బాగుండి అడుగు తుప్పు తినివేసిన సందర్భాలు వుంటాయి.

మరమ్మతే ముప్పు

అమ్మేముందు ‘అందంగా’ చేయాలనే ఆశతో చేసే పనులే ఎక్కువ నష్టం తెస్తాయి. రాలిన అంచులను వెల్డింగుతో నింపితే ఆ వేడికి చుట్టుపక్కల ఉక్కు పదును దిగిపోవచ్చు. పూత పెళుసుబారి సమ్మెట దెబ్బకు ఎగిరి కంటిని తీయవచ్చు. ముఖాన్ని యంత్రంమీద చదును చేయిస్తే అసలే పలచబడ్డ ఉక్కు పలక మరింత పలచబడుతుంది. దాగలిని కొలిమిలో వేసి కాల్చి తుప్పు వదిలిస్తే పదును మొత్తం పోతుంది. రంగు పూసిన దాగలిని తెలిసినవాడు ముట్టడు. ఆ రంగు కింద పగులు వుందేమోనని అనుమానిస్తాడు. ఉన్నది ఉన్నట్లు అమ్మటమే లాభం.

దొంగ సరుకు

కొనేవారికి కూడా ముప్పు వున్నది. కొత్త పోత ఇనుప దాగలిని ఉప్పునీటిలో తడిపి, తుప్పు పట్టించి పాతదిగా చూపించవచ్చు. పోత సరుకుకు అచ్చు కలిసిన చోట నడుము మీదుగా సన్నని గీత వుంటుంది. కొట్టి చేసిన పాత ఇంగ్లీషు దాగలికి నడుములో, అడుగున చిన్న చదరపు గుంటలు వుంటాయి. తయారీ సమయంలో ఇనుప కడ్డీ దూర్చి దాగలిని తిప్పటానికి వాటిని చేసేవారు. ఆ గుంటలు లేకుండా ‘సాలిడ్ రాట్’ అని అక్షరాలు మాత్రం వుంటే తొందరపడరాదు. అన్నిటికీ చివరి మాట గోళీ పరీక్షదే. తుప్పును అబద్ధమాడించవచ్చు గాని గోళీని అబద్ధమాడించలేరు.

కాగితాలు, పన్నులు

రైల్వే అక్షరాలు వున్న దాగలి కొనేవారు వేలం రశీదు అడగాలి. 1966 నాటి రైల్వే ఆస్తి (చట్టవిరుద్ధ స్వాధీనం) చట్టం ప్రకారం అనుమానాస్పదమైన రైల్వే సామాను ఎవరి వద్ద దొరికితే, అది న్యాయంగా వచ్చిందని వారే రుజువు చేసుకోవాలి. తాతగారు వేలంలో కొన్నారన్న మాట ఒక్కటే చాలదు. ఇతర దాగళ్ళకు సైతం అమ్మినవారి సంతకం, తేదీ, బరువు, ఫోటోతో ఒక కాగితం రాయించుకోవటం ఉభయులకూ క్షేమం.

విదేశాలకు పంపదలచినవారికి మరొక చట్టం అడ్డువస్తుంది. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన చేతిపనుల వస్తువులు పురావస్తువుల కిందకు రావచ్చు; వాటిని ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయరాదు. నూరేళ్ళు దాటనిదైతే పురావస్తువు కాదన్న ధ్రువపత్రం పురావస్తు శాఖ నుంచి తీసుకోవాలి.

వర్తకులకు పన్ను లెక్కలోనూ తేడా వున్నది. 2024 అక్టోబరు 10 నుంచి, రిజిస్ట్రేషన్ లేనివారి నుంచి రిజిస్టరైన వర్తకుడు లోహపు తుక్కు కొంటే జి.ఎస్.టి.ని కొన్న వర్తకుడే చెల్లించాలి. వాడిన వస్తువులు కొని అమ్మే వర్తకుడు, కొనుగోలుపై పన్ను మినహాయింపు తీసుకోకపోతే, సి.జి.ఎస్.టి. నిబంధన 32(5) కింద కొన్న ధరకు, అమ్మిన ధరకు గల తేడాపైనే పన్ను లెక్కించుకునే వీలున్నది. దాగలిని తుక్కుగా రాయాలా, వాడిన పనిముట్టుగా రాయాలా అన్నది ఆడిటరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

కొనేవారెవరు?

పాత దాగలికి గిరాకీ పలచనే గాని లేకపోలేదు. కత్తులు, కొడవళ్ళు చేసే కమ్మరులు, వెల్డింగు షాపులు, ఇనుప గేట్ల పనివారు, పాత పనిముట్లు సేకరించేవారు కొనదగినవారు. తెనాలిలో శిల్పులు ఇనుప తుక్కుతో విగ్రహాలు చేయటంలో పేరు సంపాదించారు. 2021లో ప్రధాని మోదీ విగ్రహాన్ని 14 అడుగుల ఎత్తున ఇనుప తుక్కుతోనే రూపొందించారు. అలాంటి శిల్పశాలలలో ఇనుమును వంచటానికి దాగలి పని వుంటుంది.

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకం 18 వృత్తులకు వర్తిస్తుంది. వాటిలో కమ్మరం ఒకటి. పనిముట్ల కోసం రూ. 15,000 వరకు, తర్వాత 5 శాతం వడ్డీపై రెండు విడతలుగా రూ. 3 లక్షల వరకు రుణం అందులో వున్నాయి. కొత్తగా కొలిమి పెట్టేవారికి సుత్తులు, పట్టకార్లు సులభంగా దొరుకుతాయి. మంచి దాగలి మాత్రం అంత సులభంగా దొరకదు. ఒక కొలిమి ఆరిన ఇంటి దాగలి మరొక కొలిమి వెలిగే ఇంటికి చేరటం ఇద్దరికీ లాభసాటి బేరం.

అమ్మేముందు

దసరాకు ఆయుధ పూజలో బొట్టు పెట్టిన దాగలిని అమ్మవలసి రావటం ఏ కుటుంబానికైనా కష్టమే. అమ్మక తప్పనప్పుడు తొందర పనికిరాదు. మొదట సొంత కాటాపై తూచి బరువు రాసుకోవాలి. నడుము మీది గుర్తులను కాగితంపై దించుకోవాలి. గోళీ పరీక్ష చేసి ఎంత ఎగిరిందో రాసుకోవాలి. ముఖాన్ని, కొమ్మును, నాలుగు పక్కలను ఫోటో తీయాలి. ఆ తర్వాత ముగ్గురిని అడగాలి: ఒక తుక్కు వర్తకుడిని, ఒక పనిచేసే కమ్మరిని, పాత పనిముట్లు కొనే ఒకరిని. ముగ్గురు చెప్పిన ధరలు మూడు రకాలుగా వుంటాయి. కమ్మరి చెప్పిన ధర తుక్కు ధర కంటె ఎక్కువగా వుంటే దాగలిలో ఇంకా ప్రాణం వున్నదని అర్థం. తుక్కు ధరకు మించి ఎవరూ ఇవ్వనంటే, గోళీ లేవకపోతే, అప్పుడు కాటా ఎక్కించినా తప్పు లేదు.